రోహిణిలో మిద్దెక్కాలి

మా తాత లెక్కల పుస్తకంలో ఏటా వేసవి చివర ఒకే మాట కనిపిస్తుంది: "రోహిణి. మిద్దెలకు చౌడు." దాని కింద ఏ ఇంటికి ఎన్ని బండ్లు పోయాయి, కూలికి ఎందరు వచ్చారు, ఎక్కడ దూలం మార్చాల్సి వచ్చింది అన్న వివరం. సిరా రంగు మారుతుంది, అంకెలు మారతాయి, పై మాట మారదు. ఒక్క ఏడాది మాత్రం "చౌడు ఆలస్యం. మృగశిర మొదటి వానకే మూడో ఇల్లు కారె" అని రాసుకున్నాడు. ఆ "కారె" కింద రెండు గీతలు. పుస్తకం మొత్తంలో ఆయన తన మీద తాను కోప్పడిన చోటు అదొక్కటే.

తాత హిందూపురంలో ఒక సావుకారి మండీలో గుమాస్తా. బెల్లం, చింతపండు వ్యాపారం. మండీ వెనక గోదాము, రెండు వీధుల్లో కలిపి పదకొండు అద్దె ఇళ్లు. లెక్కలు రాయడానికి పెట్టుకున్న మనిషి నెత్తినే ఇళ్లు కూడా పడ్డాయి. తాత తర్వాత నాన్న, నాన్న తర్వాత నేను. ఇప్పుడు హిందూపురంలో నాలుగు అపార్టుమెంట్లు, ధర్మవరం, పెనుకొండల్లో కొన్ని అద్దె ఇళ్లు నా చేతిలో ఉన్నాయి. విజిటింగ్ కార్డు మీద "ప్రాపర్టీ మేనేజర్" అని వేయించుకున్నాను. ఎవరైనా అడిగితే మా ఆవిడ మాత్రం "ఇండ్లు చూసుకుంటాడు" అంటుంది. కార్డు మీది మాట కంటే ఆమె మాటే నా పనికి దగ్గర.

చౌడు మిద్దె అంటే ఈ కాలం పిల్లలకు చెప్పాల్సి వస్తోంది. రాతి గోడ, మట్టి అడుసు. లోపల కొయ్య కంబాల మీద దూలాలు, దూలాల మీద దంతెలు. దంతెల మీద బండలో, చెక్కలో పరిచి, వేపమండలు, వెంపలి కంప సర్ది, దాని మీద ఎర్రమన్ను తడిపి తొక్కి మెత్తాలి. అన్నిటికంటే పైన చౌడు. మిద్దె నడుమ ఒక చోట వెలుతురుకు, పొయ్యి పొగ పోవడానికి గవాచి ఉంటుంది. వాన చినుకు పడగానే ఎవరో ఒకరు నిచ్చెన ఎక్కి గవాచి మీద బండ జరపాలి. అది ఇంట్లో పిల్లల పని. నాకు ఇప్పటికీ నిద్రలో ఉరుము వినిపిస్తే కాళ్లు నిచ్చెన వెతుక్కుంటాయి.

చౌడు నేల రైతుకు శాపం. పల్లపు చోట్ల నీళ్లు నిలిచి, ఆవిరైపోయి, ఉప్పంతా పైకి తేలి ఎండాకాలం తెల్లగా పొక్కుతుంది. గింజ మొలవదు. ఆ మన్నే మిద్దెకు మందు. అందులో సోడియం ఎక్కువ. తడి తగలగానే బంకమట్టి రేణువులు విడిపోయి సన్నటి రంధ్రాల్లోకి చేరి వాటిని పూడ్చేస్తాయి. మొదటి వానకు పైన ఒక పొర జిడ్డుగా మూసుకుంటుంది, ఇక నీళ్లు లోపలికి దిగకుండా వాలు వెంబడి దోనెల్లోకి జారిపోతాయి. తాతకు సోడియం సంగతి తెలియదు. చిటికెడు మన్ను నాలుక మీద వేసుకుని, ఉమ్మి, "ఇది వద్దు, ఆ గట్టుకాడిది తవ్వుండ్రా" అనేవాడు. బండి తోలేవాళ్లు ఆయన నాలుకను నమ్మేవాళ్లు.

ఇదే మన్ను చాకలి బట్టలకు పోయేది. ఇదే మన్ను నుంచి ఉప్పర్లు ఉప్పు తీసేవాళ్లు. కంపెనీ దొరలు 1805లో మద్రాసు రాజధానిలో ఉప్పు మీద గుత్తాధిపత్యం పెట్టారు. తర్వాతి కాలంలో మట్టి ఉప్పు తీయడం నేరమైపోయింది. కులవృత్తి పోయిన ఉప్పర్లు మట్టిపనికి, చెరువు కట్టలకు, గోడల పనికి మళ్లారు. మా వీధుల్లో చౌడు తోలింది, మెత్తింది వాళ్లే. ఉప్పు తీస్తే కేసు, మిద్దె మీద పోస్తే కూలి. ఒకే మన్ను.

ఈ పద్ధతి కోస్తాలో నిలబడదు. మా ఉమ్మడి అనంతపురం జిల్లాకు ఏడాది సగటు వాన 550 మిల్లీమీటర్ల చుట్టూ ఉంటుంది. దేశంలో జైసల్మేరు తర్వాత అతి తక్కువ వాన మాదేనని బడిలో చదువుకున్నాం. అందులోనూ ఎక్కువగా పడేది సెప్టెంబరు, అక్టోబరుల్లో. అంత తక్కువ వాన కాబట్టే మట్టి కప్పు సాగింది. ఆ కొద్ది వానా హస్త కార్తెలో మూడు రోజుల ముసురుగా పట్టిందంటే మాత్రం మిద్దె నిజస్వరూపం బయటపడుతుంది.

చౌడు వేయడం పనిలో రెండో సగం. మొదటి సగం చూడడం. మే 25 ప్రాంతంలో రోహిణి వస్తుంది, జూన్ మొదటి వారం దాటితే మృగశిర. ఆ రెండు వారాల్లో తాత రోజుకొక ఇల్లు చూసేవాడు. తెల్లవారి చల్లటి పూట, చెప్పులు కింద విప్పి మిద్దె ఎక్కేవాడు. అంగుళం అంగుళం అడుగు వేసి నడిచేవాడు. పాదానికి మెత్తగా తగిలిన చోట కిందటి కంప కుళ్లిందనో, ఎలుక బొరియ ఉందనో లెక్క. అక్కడ ఒక రాయి పెట్టి ముందుకు పోయేవాడు. పోయినేటి వానకు మొలిచి ఎండిన గడ్డిని కోయనిచ్చేవాడు కాదు, వేరుతో పీకించేవాడు. వేరు పోయిన దారే నీటికి దారి అవుతుంది. దోనెల్లో చెయ్యి పెట్టి పిచ్చుక గూళ్లు, ఆకులు తీసేవాడు. గూట్లో గుడ్లుంటే ఆ దోనె మర్నాటికి వాయిదా.

తర్వాత కిందికి దిగి ఇంట్లోకి. చేతికర్రతో ప్రతి దూలాన్నీ కొట్టి చెవి ఒగ్గేవాడు. గట్టి కొయ్య ఠంగుమంటుంది, చెదలు తిన్నది డొల్లగా పలుకుతుంది. దూలం నడుమ ఎప్పుడూ ముందు పాడవదు. గోడలోకి దిగే కొన దగ్గర, చెమ్మ ఉన్న చోట చెదలు మొదలవుతాయి. అందుకే కర్ర మొదట ఆ మూలకే పోయేది. అన్నీ అయ్యాక అద్దెకున్న ఇల్లాలిని ఒక్క మాట అడిగేవాడు.

"పోయిన హస్తలో గిన్నెలు యాడ పెట్టినావమ్మా?"

ఆమె చూపించిన చోటల్లా బొగ్గుముక్కతో గోడ మీద గీత. మిద్దె మీద రాళ్లకూ కింద బొగ్గు గీతలకూ లంకె కలిస్తే ఆ ఇంటి జబ్బు తెలిసినట్టే. కలవకపోతే నీళ్లు ఎక్కడో దిగి, దంతె వెంట పాకి, ఇంకెక్కడో కారుతున్నాయన్నమాట. అప్పుడు మళ్లీ పైకి. నేను ముప్పై ఏళ్లుగా ఈ పనిలో ఉన్నాను. ఇంజనీర్లు, కన్సల్టెంట్లు, తేమ కొలిచే మిషన్లు చూశాను. గిన్నె ప్రశ్న కంటే పదునైనది ఇంకా తగల్లేదు.

ఇంకొక సూత్రం ఉండేది తాతకు. ఏటా వేసుకుంటూ పోవడమే కాదు, మూడో ఏడో నాలుగో ఏడో పాత మన్ను గీరి తీయించాలి. పక్క వీధిలో ఒకాయన తీయకుండా వేస్తూ పోయాడు. మిద్దె మీద మన్ను అడుగు మందం అయింది. పది అడుగుల పొడవు, పది అడుగుల వెడల్పు గది మీద అడుగు మందం మన్నంటే పొడిగా ఉన్నప్పుడే అయిదు టన్నులకు అటూ ఇటూ. తడిస్తే ఇంకా ఎక్కువ. ఒక ముసురు రాత్రి ఆ గది దూలం విరిగింది. అదృష్టం, అందులో బెల్లం బుట్టలే ఉన్నాయి. కురవకుండా చూసుకుంటున్నానని ఆయన అనుకున్నాడు. నిజానికి ఏటా ఇంటి నెత్తిన బరువు పెంచుతూ పోయాడు.

మా ఊళ్లో కన్నడం పలికే బేల్దారి వాళ్లు కారడాన్ని "సోరుతాది" అంటారు. సరిహద్దు అవతలి శిశునాళ షరీఫు ఇల్లు కారడం మీదే ఒక తత్వం కట్టాడు, ఇప్పటికీ భజనల్లో పాడతారు. ఆయన చెప్పింది దేహం గురించి, అజ్ఞానం గురించి. మా తాతకు ఆ పాట ఇష్టం. కానీ పాట అయిపోగానే "తత్వం సరే, ముందు మిద్దెక్కమను" అనేవాడు.

ధర్మవరంలో మా మేనత్త ఇల్లు. అక్కడ మిద్దె కారడం అంటే పడక తడవడం కాదు, బతుకు తడవడం. గుంత మగ్గం మీద పట్టు పడుగు సాగదీసి ఉంటుంది. పైన జకార్డు, దాని అట్టలు. ఒక్క చినుకు పడుగు మీద పడితే మట్టి మరక, రంగు దిగడం. అట్ట తడిస్తే ఉబ్బి, రంధ్రం తప్పి, పూవు వంకర పోతుంది. చిన్నప్పుడు ఒక దసరా సెలవుల్లో రాత్రి వాన పట్టుకుంది. మామ లేచి మా ఎవరి వంకా చూడలేదు. నేరుగా మగ్గం దగ్గరికి పోయి, పడుగు మీద దుప్పటి, దాని మీద గోనె, గోనె మీద తన పంచె కూడా విప్పి కప్పి, తుండుగుడ్డతో నిలబడ్డాడు. అత్త లాంతరు పట్టుకుని పైకప్పు వంక చూస్తూ "ఈడ కాదు, ఆడ" అని చెబుతోంది. పిల్లలం తడిసిన పక్క మీద కూర్చుని నవ్వాం. పొద్దున మామ ఎవరితోనూ మాట్లాడకుండా చౌడు గంప నెత్తిన పెట్టుకుని మిద్దెక్కాడు.

అందుకే నేతగాళ్ల ఇళ్లలో మిద్దె పరీక్ష ఎప్పుడూ మగ్గం నెత్తి మీద మొదలయ్యేది. తర్వాత గుంత. కాళ్లు పెట్టుకునే ఆ గుంతలో గోడలు చెమ్మగిలితే ముందే తెలుసుకోవాలి. వానలు ఎక్కువైన ఏడు భూమిలోంచి ఊట ఎక్కి గుంతలు నిండుతాయి. నీళ్లు తోడినా చెమ్మ ఆరేదాకా మగ్గం ఆడదు. ధర్మవరం పట్టుచీరలకు ఇప్పుడు భౌగోళిక గుర్తింపు ఉంది, దేశమంతా పేరుంది. ఆ చీర నేసిన గుంతలో ఒక నెల నీళ్లు నిలిస్తే ఇంట్లో ఏం జరుగుతుందో చీర మీద కనపడదు. ఇప్పటికీ కొన్ని వీధుల్లో రేకుల కింద, జకార్డు పైన పాలిథిన్ పట్ట కట్టుకుని నేస్తున్నారు. నేను అద్దెకిచ్చే ఇళ్లలో మగ్గం ఉంటే నా మే నెల పరీక్షలో మొదటి రోజు ఆ ఇంటికే.

పెనుకొండకు నాన్న నన్ను వెంటేసుకుని వెళ్లేవాడు. పని అయ్యాక కొండ కింద గగన్ మహల్ నీడన కూర్చుని అటుకులు తినేవాళ్లం. ఈ ఊరికి రాళ్లు చదివేవాళ్లు చెప్పే చరిత్ర పెద్దది. 1354లోనే ఇక్కడ బుక్కరాయల కొడుకు విరూపణ్ణ ఏలుబడిని చెప్పే శాసనం ఉంది. 1565లో రాక్షస తంగడి దగ్గర విజయనగరం ఓడిపోయాక తిరుమలరాయలు రాజధానిని ఇక్కడికే తెచ్చాడు. 1592లో వెంకటపతిరాయల కాలంలో అది చంద్రగిరికి పోయింది. నాన్నకు ఈ తేదీలు పట్టవు. ఆయన చూపించింది వేరే. గోడకు గార నిలిచిన చోట లోపల ఇటుక, రాయి నిన్న పెట్టినట్టు ఉన్నాయి. గార ఊడిన చోట ఇటుక పొడి రాలుతోంది, సందులో రావి మొక్క. "రాజు పోయిండేది పెద్ద నష్టం కాదురా, సున్నం కొట్టేవాడు పోయినాడు" అన్నాడు. మొదటి సగం ఆయన రాజకీయం. రెండో సగంతో ఇప్పటికీ నాకు పేచీ లేదు.

గార పని గురించి కొంచెం చెప్పాలి. సున్నపురాయి కాల్చి, నీళ్లలో మగ్గబెట్టి, ఇసుక కలిపి ఎద్దు గానుగలో రాతి చక్రం కింద నూరేవాళ్లు. కరక్కాయ నానబెట్టిన నీళ్లు, బెల్లం నీళ్లు కలిపేవాళ్లు. ఆ సున్నానికి ఒక గుణముంది. సన్నటి పగులు వస్తే వాన నీటికి కొద్దిగా కరిగి, ఆ పగుల్లోనే మళ్లీ గడ్డకట్టి దాన్ని తనే పూడ్చుకుంటుంది. సిమెంటులాగా బిగిసి కూర్చోదు, గోడతో పాటు కదులుతుంది. కానీ పై పూత అరిగేకొద్దీ మళ్లీ వేయాలి. వేసే మనిషి ఏటా రావాలి. పెనుకొండలోనే బాబయ్య దర్గాకు ఉరుసు జరుగుతుంది, పార్శ్వనాథ బసదిలో పూజ ఉంది. జనం వస్తారు, ఎవడో ఒకడు గోడ చూసి "ఇక్కడ రాలుతోంది" అంటాడు. గగన్ మహల్‌కు ఆ మాట అనేవాడు నాలుగు వందల ఏళ్లు లేడు. ఇప్పుడు ప్రభుత్వ రక్షణలో ఉంది కాబట్టి నిలిచినంత నిలిచింది.

పాత గుడి శాసనాల్లో ఒక మాట మళ్లీ మళ్లీ వస్తుంది, "ఖండస్ఫుటిత జీర్ణోద్ధారం" అని. విరిగినదానికి, పగిలినదానికి, పాతబడినదానికి బాగుసేత. కన్నడ దేశంలోనూ మన దగ్గరా దానం ఇచ్చేవాళ్లు దేవుడి నైవేద్యానికి, దీపానికి భూమి రాసేటప్పుడే ఈ పద్దుకూ కలిపి రాసేవాళ్లు. గుడి కొత్తగా మెరుస్తూ ఉన్నప్పుడే, ఇది పగులుతుందని ఒప్పుకుని దానికి పొలం విడిచిపెట్టారు. శాసనం చదివే మిత్రుడొకడు ఈ మాట నాకు విప్పి చెప్పిన రోజున నేను మా అపార్టుమెంటు కార్పస్ ఫండు గురించి గొడవ పడి వస్తున్నాను. అయిదేళ్లకని పెట్టుకున్న డబ్బుతో గేటు మీద ఆర్చి, దానికి రంగు దీపాలు పెట్టించారు. పైన వాటర్ ప్రూఫింగుకు పైసా మిగల్లేదు.

చెరువులదీ ఇదే దారి. కట్ట బాగుచేసేవాళ్లకు దశబంధం మాన్యాలుండేవి. 1369 నాటి పోరుమామిళ్ల శాసనం మంచి చెరువుకు ఉండాల్సిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు ఏకరువు పెట్టింది. చెరువుకు అదొక చెక్‌లిస్టు. ఇంగ్లీషు దొరలు 1858లో కుడిమరామత్తుకు, అంటే ఊరి రైతులు కలిసి చేసే చెరువు పనికి, రాకపోతే శిక్ష అని చట్టం చేశారు. మనసుండి చేసే పనికి చట్టం వచ్చిందంటేనే ఆ పని అప్పటికి సడలిందని అర్థం. మరామత్తు అరబ్బీ మాట, ఉర్దూ మీదుగా మనకు వచ్చి మరమ్మతు అయింది. ఇప్పుడు అచ్చతెలుగంత తెలుగు.

ఇంత దూరం వచ్చి లేపాక్షి గుడిలోని వేలాడే స్తంభం గురించి చెప్పకపోతే హిందూపురం వాళ్లు ఊరుకోరు. దాని రహస్యం ఏమిటో చూద్దామని ఒక ఇంగ్లీషు ఇంజనీరు కదిలించబోయాడని, అప్పుడే అది పక్కకు జరిగిందని గైడ్లు చెబుతారు. నిజమో కాదో గానీ మా పనిలో అది మంచి సామెత. చూడమంటే గడ్డపార వేసేవాడు ఒకడు ఎప్పుడూ ఉంటాడు. నాకు అక్కడ స్తంభం కంటే పైకప్పు ముఖ్యం. అచ్యుతరాయల నాటి బొమ్మలు కప్పు లోపలి సున్నం మీదున్నాయి. పైన రాతిబండల సందుల్లోంచి దిగిన చెమ్మ ఆ సున్నాన్ని ఎక్కడ తిన్నదో కింద బొమ్మలో చెయ్యో, చీర కుచ్చెళ్లో పోయాయి. ప్రతి మరకకూ పైన ఒక సందు ఉంటుంది.

పెళ్లికి ముందు రెండేళ్లు నేను ఒక కాంట్రాక్టరు దగ్గర సూపర్‌వైజరుగా సర్కారు కట్టడాల మరమ్మతు పనులు చూశాను. పాత బంగళాల్లో మద్రాసు టెర్రస్ అంటే ఏమిటో అక్కడే తెలిసింది. టేకు దంతెల మీద సన్న ఇటుకలు నిలువుగా, ఏటవాలుగా పేర్చి, పైన సున్నపు కాంక్రీటు పోసి, ఆడకూలీలు వరసగా కూర్చుని కొయ్య చెక్కలతో రోజుల తరబడి పాట పాడుతూ కొట్టేవాళ్లు. బెల్లం, కరక్కాయ నీళ్లు చల్లుతూ, చెక్క ఎగిరిపడేంత గట్టిపడేదాకా. ఆ పని చేసినామె ఒకరు, అప్పటికే ముసలామె, నాకు చెక్క పట్టుకునే తీరు చూపించింది. మణికట్టుతో కొట్టాలి, భుజంతో కాదు.

ఆ కట్టడాలకు ఏటా రిపేర్ల పద్దు ఉండేది, ఎం-బుక్కులో కొలతలు ఉండేవి. పద్ధతి మంచిదే. మార్చి 31 దాన్ని పాడు చేసింది. పద్దు మురిగిపోతుందని చెమ్మగోడ మీదే సున్నం కొట్టించిన రోజులున్నాయి. జూన్‌లో అది పెచ్చులుగా లేచేది. రోహిణి కార్తె వానను చూసి పెట్టుకున్న గడువు, మార్చి 31 ఖజానాను చూసి పెట్టుకున్నది.

తర్వాత స్లాబు వచ్చింది. మా పుస్తకంలో చివరి చౌడు పద్దు నాన్న చేతిరాతలో 1987లో ఉంది. సావుకారి కొడుకులు ఒక్కొక్క మిద్దే కొట్టించి ఆర్‌సీసీ వేయించారు. పక్కా ఇల్లు అన్న మాట అప్పుడు వీధుల్లో ఎంత గొప్పగా వినపడేదో! ఆడవాళ్లు నిజంగా సుఖపడ్డారు. పైనుంచి తేళ్లు, మన్ను రాలవు, గవాచి మూసే పని లేదు. చౌడు మిద్దెను తలుచుకుని కన్నీళ్లు పెట్టుకునే రకం కాదు నేను. దాని కింద తడిసినవాణ్ణి. అయితే స్లాబుతో పాటు నిచ్చెన కూడా పోయింది. చౌడు మిద్దెను ఒక్క ఏడు వదిలేస్తే అది నెత్తిన కారి గుర్తు చేసేది. స్లాబు పదేళ్లు, పదిహేనేళ్లు ఏమీ అడగదు. ఆ పదిహేనేళ్లలో ఎక్కే అలవాటున్న తరం వెళ్లిపోయింది.

నా తప్పు కూడా చెప్పాలి. నేను చూసే ఒక మూడంతస్తుల కట్టడానికి అప్పటికి పన్నెండేళ్లు. కొత్తదేలే అని మూడేళ్లు పైకి వెళ్లలేదు. కింద మెట్లు, లైట్లు, మోటారు చూసి వచ్చేసేవాణ్ణి. ఒక మధ్యాహ్నం రెండో అంతస్తు సన్‌షేడు మూలలోంచి పళ్లెమంత పెచ్చు ఊడి ఒక స్కూటరు సీటు మీద పడింది. సీటు చీలిపోయింది. అంతకు కొద్దిసేపటి ముందే ఆ స్కూటరు మీద ఒక పిల్లవాడు కూర్చుని బిస్కెట్లు తిన్నాడు. బిస్కెట్ కాగితం అక్కడే ఉంది.

పైకెక్కి చూస్తే అంతా అరటిపండు ఒలిచినట్టు తెలిసింది. సన్‌షేడు మీద ఆకులు, పాత చెప్పు, విరిగిన పూలకుండీ. వాటి వెనక నీళ్లు నిలిచి ఎన్ని వానలో. తడి సందుల్లోంచి కడ్డీ దాకా దిగింది. ఇనుము తుప్పు పడితే ఉన్న చోటు చాలక రెండు మూడింతలు, ఒక్కోసారి అంతకు మించి ఉబ్బుతుంది. ఆ ఉబ్బు కాంక్రీటును లోపలినుంచి తన్నుతుంది. దానికి తోడు కట్టేనాడు కలిపింది, తడిపింది బోరు నీళ్లు. మా వైపు బోరు నీళ్ల రుచి మీకు తెలిసిందే. ఇనుము ఉన్న కాంక్రీటుకు వాడే నీళ్లలో లీటరుకు 500 మిల్లీగ్రాములకు మించి క్లోరైడు ఉండకూడదని ఐఎస్ 456 చెబుతుంది. ఎవరు కొలిచారు? తాత అయితే నాలుక మీద వేసుకుని చూసేవాడేమో. మిద్దెకు ఉప్పు మన్ను వెతికి తెచ్చుకున్న ఊళ్లో, స్లాబుకు ఉప్పు నీళ్లు ప్రాణం తీస్తాయని చెప్పేవాడు లేకపోయాడు. ఆ పిల్లవాడి తల్లి నన్ను ఏమీ అనలేదు. స్కూటరు సీటు డబ్బు తీసుకోలేదు. ఆరు నెలలు నేను ఆ గేటు దగ్గర తలెత్తి నడవలేదు.

2021 నవంబరులో ఈ జిల్లాలో కురిసిన వానలకు కదిరిలో భవనం కూలి చిన్నపిల్లలతో సహా మనుషులు పోయారు. ఆ వారం నా ఫోను మోగుతూనే ఉంది. "సార్, మా బిల్డింగ్ ఒకసారి చూడండి." వాన వెలిసిన పదో రోజుకు ఫోన్లు ఆగిపోయాయి.

అప్పటినుంచి నేను మళ్లీ తాత పద్ధతికి వచ్చాను. నాలుగు కట్టడాలకూ ఒక్కొక్క నోటు పుస్తకం. మే 25 నుంచి రోజుకొకటి. టెర్రస్ మీద చెప్పులు విప్పే నడుస్తాను. కాలికి డొల్లగా తగిలే టైలు కంటికి కనపడదు. నీటి గొట్టం మూతి, పిట్టగోడ కింద అతుకు, ట్యాంకు కింద మూల, సన్‌షేడు వీపు, కాలమ్ అడుగున చెమ్మ గీత. సుత్తి పిడితో కొట్టి వింటాను. ఎక్కడైనా గోరంత పగులు ఉంటే దాని రెండు వైపులా పెన్సిలుతో గీత గీసి తేదీ వేస్తాను. మళ్లీ హస్త అయ్యాక వచ్చి చూస్తే పగులు గీత దాటిందో లేదో తెలుస్తుంది. దాటనిదాన్ని పూడ్చి ఊరుకుంటాను, దాటినదానికి ఇంజనీరును పిలుస్తాను. ఆ పైన ప్రతి ఫ్లాటు తలుపూ కొట్టి, "అమ్మా, పోయిన వానల్లో బకెట్ ఎక్కడ పెట్టినారు?" అని అడుగుతాను. నవ్వుతారు, తర్వాత చూపిస్తారు. వెయ్యి రూపాయల పనిగా ఉన్నప్పుడే చెప్పమంటే ఎవరూ చెప్పరు. అడిగితే చెబుతారు.

2019లో ఎర్రమంచిలో కియా కార్ల ఫ్యాక్టరీ నడక మొదలయ్యాక పెనుకొండ, హిందూపురం చుట్టూ అద్దెలు పెరిగాయి. కొరియా నుంచి వచ్చిన ఒక ఇంజనీరుకు ఫ్లాటు చూపించాను. ఆయన బాత్రూం అద్దం, వంటగది చూసి సరిపెట్టుకోలేదు. ట్యాంకు ఎప్పుడు కడిగించారు, పైకప్పు ఎప్పుడు చూశారు అని అనువాదకుడి చేత అడిగించాడు. నేను నోటు పుస్తకం తీసి ముందు పెట్టాను. తెలుగు రాదు కాబట్టి అక్షరాలు చదవలేదు. తేదీల మీద వేలు పెట్టుకుంటూ పోయి, చివరి తేదీ దగ్గర ఆగి, తలూపి సంతకం చేశాడు. తాత పుస్తకం కూడా చూపించాలనిపించింది గానీ ఊరుకున్నాను.

నాకు ఇప్పుడు పెద్ద చిక్కు పగుళ్లతో లేదు. తాళంచెవితో ఉంది. నేను చూసే నాలుగు కట్టడాల్లో రెండింటికి మిద్దె తలుపు తాళంచెవి బెంగళూరులో ఉండే ఓనర్ల దగ్గరుంది. ఒకటి కేబుల్ అతని దగ్గర. నాలుగోది పోయి రెండేళ్లయింది, కిందటి మేలో తాళం కోయించి ఎక్కాను. గొట్టం మూతిలో పావురాల గూడు, పిట్టగోడ వారన బెత్తెడు నీళ్లు. ఈ ఏడు కొత్త తాళం వేయించి రెండు చెవులు చేయించాను. ఒకటి నా దగ్గర, ఒకటి పై అంతస్తులో వడియాలు పెట్టుకునే పెద్దావిడ దగ్గర.

మీ మిద్దె తాళంచెవి ఎవరి దగ్గరుందో ఈ వారంలో కనుక్కోండి. రోహిణి మే 25న వస్తుంది.